మైనం ముద్దలో పిడికిలి

ఈ వీధిలో అందరూ పిడి పెద్దమ్మ అని పిలిచే నేను, కత్తులు కొట్టిన మనిషి భార్యను, ఆ కత్తులకు పిడులు వేసినదాన్ని, చెప్పి రాయించిన వీలునామా ఇది. నా వయసు డెబ్బై ఒకటి. చెవులు వినిపిస్తాయి. కళ్ళు అద్దాలతో కనిపిస్తాయి. చేతివేళ్ళు తప్ప ఒంట్లో అన్నీ నా మాట వింటాయి. మతి స్థిమితంగా ఉందని డాక్టరు కాగితం కూడా రాసిచ్చాడు. మతికేం, ఎప్పుడూ స్థిమితంగానే ఉంది. లేనిది మనసుకు, దానికి కాగితం ఇచ్చే డాక్టరు లేడు.

ఎవరి బలవంతమూ, ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా ఇంట్లో, నా పనిబల్ల ముందు కూర్చుని చెబుతున్నాను. నా వేళ్ళు కలం మోయవు కనుక వకీలుగారి గుమాస్తా రాస్తున్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, మర్యాద కోసం ఒక్క మాట దిద్దకూడదు, ఒకసారి రాసింది కొట్టేయకూడదు అని షరతు పెట్టాను. అప్పుడే కలం ఆపి నా మొహం చూస్తున్నాడు. రాయి నాయనా, నీకేం పోయింది.

ఇంతకుముందు ఎవరికైనా నోటిమాటగా ఏదైనా ఇస్తానని అని ఉంటే అది చెల్లదు. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలుగారిది.

1. ఈ ఇల్లు, ముందున్న కొట్టు, పెరట్లోని కొలిమి షెడ్డు నా కూతురికి. దానికి కత్తుల పని రాదు, నేర్చుకోమని నేనూ అనలేదు. ఇనుప రజను, కర్రపొడి మింగి దగ్గే వాళ్ళు ఈ ఇంట్లో ఇద్దరు చాలనుకున్నాను. రోజూ పనికి వెళ్ళేముందు నాకు కూరగాయలు తరిగి గిన్నెల్లో పెట్టి మూత వేసి వెళుతుంది. ఇంటినిండా కత్తులు, ఒక్కటీ నా చేతిలో నిలవదు. మధ్యవేలు, ఉంగరం వేలు కీళ్ళ దగ్గర వాచి, ముడుచుకోవడం మానేశాయి. పట్టుకుంటే పిడి తిరిగిపోతుంది. టమాటా కూడా నన్ను చూసి నవ్వుతుంది. కూతురు ఈ మాట ఎప్పుడూ ఎత్తదు, అందుకే ఇల్లు దానికి.

2. ఆయన దాకలి, సుత్తులు, పట్టకార్లు కూతురు ఎవరికి ఇవ్వాలనుకుంటే వాళ్ళకు. కానీ అలుగు మీద, అంటే కత్తి రేకు మీద, కొట్టే ఆయన గుర్తు, ఆ చేప బొమ్మ అచ్చు, ఎవరికీ ఇవ్వకూడదు. బీరువాలో పెట్టి తాళం వేయాలి. కత్తి మీద ఆయన చేప ఈదేది, పిడి మీద నా పేరున చీమ కూడా పాకలేదు. ఒకసారి అడిగాను, పిడి మీద నాకూ ఒక గుర్తు ఉండాలని. "పిడి మీద పడేది చెయ్యి. నీ గుర్తు నాలుగు రోజుల్లో అరిగిపోతుందే," అని నవ్వాడు. నిజమే అన్నాడు. నిజం చెప్పినందుకు ఒళ్ళు మండి ఆ వారమంతా ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను.

3. ఎదురు కొట్టాయనకు, నేను పనికిరావని పక్కన పడేసిన పిడుల గంప. ఆయన ప్లాస్టిక్కు మీద కర్ర గీతలు అచ్చువేయించి, కొట్టు ముందు రంగు లైట్లు పెట్టి, తిరునాళ్ళలా జనాన్ని పోగేస్తాడు. ఆ జనాన్ని చూసి నాకు కడుపు మండలేదని అంటే అబద్ధం. గంపలో ఏ పిడి తీసినా ఆయన కొట్లో ఉన్నవాటికన్నా మేలు. ఈ మాట ఆయనకు చదివి వినిపించి మరీ గంప ఇవ్వాలి.

మా కత్తులకు ఒరలు కుట్టే అతనికి గేదె కొమ్ములు ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం చేసేవాడికి వీలునామాలో ఏమీ రాయకూడదని వకీలుగారు అన్నారు. అయితే రాయడం ఎందుకు, ఇందాకే ఇచ్చేశాను. మూల కూర్చుని వాటిని సంచిలో సర్దుకుంటున్నాడు.

4. కిటికీ పక్కనున్న కర్రల అర, అందులోని నల్లచేవ, వాల్‌నట్, ఆలివ్ ముక్కలు, ఎముక, ఇత్తడి మేకులు, నా ఆకురాళ్ళతో సహా, పని తెలిసిన ఎవరికైనా ఇవ్వవచ్చు, నా చెల్లెలికి తప్ప. ఈ చివరి మాట కింద గీత గీయమని గుమాస్తాకు చెప్పాను. గీశాడు.

తీసుకునేవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. కర్రను కంటితో ఎంచుకునేవాళ్ళు ఎదురు కొట్టుకు పోవాలి. ముందు ముక్కను వేలి కణుపుతో కొట్టి వినండి. లోపల పగులుంటే బొంగురుపోయిన గొంతులా పలుకుతుంది. తర్వాత కొసను తడి వేలితో రుద్ది, తడి ఎటు పాకుతుందో చూడండి. అలుగు తోక పిడిలోకి దిగేచోట గీతలు అడ్డంగా ఉన్న ముక్క ఎంత అందంగా ఉన్నా వద్దు, ఏదో ఒకరోజు అక్కడే చీలుతుంది. మాంసం కొట్టేవాడికి అద్దంలా నున్నటి పిడి ఇవ్వకండి, కొవ్వు అంటిన చేయి జారి తనే కోసుకుంటాడు. కొమ్ము తెచ్చిన రోజే కోయకండి, ఏళ్ళపాటు ఊరికే పడి ఉండనివ్వండి, దాని వంకర బుద్ధి అది పూర్తిగా బయటపెట్టాక అప్పుడు ఆకురాయి పెట్టండి.

నునుపు చేయడానికి తొందరే శత్రువు. గరుకు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి సన్నదానికి వచ్చాక, అయిపోయిందని మురిసిపోతారు. అప్పుడు తడిగుడ్డ పెట్టి తుడవండి. ఆరాక చూడండి, నూగు లేచి పిల్లి నాలుకలా ఉంటుంది. మళ్ళీ రుద్దాలి, మళ్ళీ తడపాలి, తడిపినా నూగు లేవనని కర్ర ఒప్పుకునే దాకా. అప్పుడు అవిసె నూనె, అరచేత్తో, పలచగా. చివరికి నేను చెంపకు రాసి చూసుకుంటాను. వేళ్ళకు కాయలు కాచి ఉంటాయి, వాటి మాట నమ్మలేం. చెంపకు మొహమాటం లేదు.

చెల్లెలు మాత్రం పెదవికి రాసి చూసేది. అదొక సోకు.

5. గోడకున్న పొడవాటి అరలో మైనం ముద్దలున్నాయి. మా కొట్టు పద్ధతి అది. కత్తి చేయించుకోవడానికి వచ్చిన మనిషి చేతిలో ముందు మెత్తటి మైనం ముద్ద పెడతాం. కత్తి పట్టుకున్నట్టు గట్టిగా పిసకమంటాం. ఆ పిడికిలి అచ్చును చూసి పిడి మలుస్తాం. ఎవరి వేలు పొడవు, ఎవరిది బొటనవేలితో నొక్కే అలవాటు, ఎవరు భయపడుతూ పట్టుకుంటారు, అన్నీ ముద్ద చెబుతుంది. మైనం చలికి బిగుసుకుపోతుంది కనుక గిరాకీ రాకముందే దాన్ని అరచేతుల్లో పిసికి మెత్తబరచడం నా పని. వేళ్ళు వంగకపోయినా ఆ పని మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఆ ముద్దలను ఎవరివి వాళ్ళకు తిరిగి ఇవ్వాలి. మనిషి లేకపోతే ఇంట్లోవాళ్ళకు ఇవ్వాలి. ఎవరి చేయి వాళ్ళింట్లో ఉండడం మంచిది.

6. నా చెల్లెలికి: ఏమీ లేదు.

వకీలుగారు కారణం అడగలేదు, నేనే చెబుతున్నాను. నా వేళ్ళు వంకర తిరగడం మొదలైనప్పుడు కొట్టుకు సాయంగా దాన్ని పిలిపించింది నేనే. అప్పటికి పిడి పట్టుకోవడం కూడా రాదు దానికి. కర్ర కొట్టి వినడం, తడి చూడడం, అంతా నా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. ఏడాది తిరిగేసరికి గిరాకీలు లోపలికి తల పెట్టి, "చిన్నమ్మ ఉందా? పిడి చిన్నమ్మ చేస్తేనే తీసుకుంటాం," అనడం మొదలుపెట్టారు. అది చిన్నమ్మ అయినందుకే నేను పెద్దమ్మనయ్యాను. అంతవరకూ నాకో పేరుండేది.

దాని పిడులు బాగుంటాయి. ఈ మాట దాని ముందు ఎన్నడూ అనలేదు, ఇప్పుడు కాగితం మీద ఉంది కాబట్టి తప్పదు. నేను కొలిచి, గీసి, చెక్కి రాబట్టే మలుపు అది ఊరికే ఆకురాయి ఆడిస్తూ, ఏదో కూనిరాగం తీస్తూ రాబట్టేది. చూస్తుంటే నా కళ్ళలో కారం కొట్టినట్టుండేది. ఒక గిరాకీ దాని పిడి పట్టుకుని, "ఇది నా చేతిలోనే పుట్టినట్టుందమ్మా," అన్నాడు. నా పిడులను బలంగా ఉన్నాయన్నారు, తీరుగా ఉన్నాయన్నారు, ఆ మాట మాత్రం ఒక్కడూ అనలేదు.

పోనీ అక్కడితో ఆగిందా? ఆయనా అదీ కొలిమి దగ్గర గుసగుసలు మొదలుపెట్టారు. నేను గడప దాటగానే ఇద్దరూ టక్కున ఆగేవారు. ఆయన కొలిమి వైపు తిరిగేవాడు, అది గాలికి ఎగిరిన కర్రపొడి తుడిచేది. అదే రోజుల్లో ఆయన ఒక చిన్న అలుగు కొడుతున్నాడు. పల్చగా, నాజూగ్గా, వంటింట్లో ఆడవాళ్ళు వాడుకునే రకం. ఎవరిదని అడిగితే, "ఉన్నార్లే ఒకరు," అన్నాడు. పిడి ఏం కర్ర అని అడిగితే, "పిడి సంగతి నీకెందుకు, మీ చెల్లి ఉందిగా," అన్నాడు. మీ చెల్లి ఉందిగా! ఇన్నేళ్ళు ఆయన చేప ఈదిన ప్రతి కత్తికీ పిడి వేసినదాన్ని, నాతో అన్నాడు ఆ మాట.

ఆ రోజుల్లోనే నా అరలోంచి వాల్‌నట్ బుడిపె ముక్క మాయమైంది. చెట్టు మొదట్లో లేచిన బుడిపెను కోస్తే దొరికే ముక్క, గీతలు సుడులు తిరిగి ఉంటాయి. ఎవరి కత్తికీ వేయకుండా, ఎవరికీ చూపించకుండా దాచుకున్నది. దాని జాడ తెలిసింది నాకు, నా పక్కనే కూర్చునే చెల్లెలికి మాత్రమే. "తీశావా?" అని అడిగితే, "ఏమో అక్కా, నాకేం తెలుసు," అని మొహం తిప్పుకుంది. దానికి అబద్ధం ఆడడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. చెవులు ఎర్రబడతాయి. ఎర్రబడ్డాయి.

తర్వాత కొద్దిరోజులకే ఒక మధ్యాహ్నం ఆయన కొలిమి ముందు కుప్పకూలాడు. లేవలేదు. చుట్టాలందరూ వెళ్ళాక చెల్లెలు వచ్చి, "అక్కా, బావ షెడ్డులో ఒక రేకు పెట్టె ఉండాలి. ఒకసారి ఇస్తావా, అందులో పని మిగిలిపోయింది," అంది. పెట్టె అప్పటికే నాకు దొరికింది. తీగ చుట్టి ఉంది. "మనిషి పోయినా నీకు ఆయనతో పని మిగిలిందా?" అన్నాను. "నేను చెప్పనక్కా. పెట్టె నీ దగ్గరే ఉంది, తెరిచి చూసుకో," అని వెళ్ళిపోయింది. అదే ఆఖరు. వీధి చివర ఉంటుంది. ఎవరెవరికో పిడులు వేస్తుంది. బాగున్నాయని జనం నాకు వచ్చి మరీ చెబుతారు, పుణ్యాత్ములు.

7. ఆ రేకు పెట్టెను నా తదనంతరం తీగ విప్పకుండా, మూత తెరవకుండా, పడవ మీద నది మధ్యకు తీసుకువెళ్ళి పడేయాలి.

నేనెందుకు తెరవలేదో కూడా రాయి. ఆయన గిరాకీ ముద్దను ఎప్పుడూ అలుగుతోపాటే ఉంచేవాడు. తెరిస్తే ముద్ద ఉంటుంది, ముద్ద మీద చెల్లెలి పిడికిలి ఉంటుంది. దాన్ని నేను చీకట్లో తడిమినా గుర్తుపడతాను. వీధులు దాటించడానికి, బడికి తీసుకెళ్ళడానికి చిన్నప్పుడు నేనే పట్టుకు నడిపించిన చేయి. ఆయన ఆఖరి కత్తి ఆ చేతి కోసం కొట్టాడని కళ్ళారా చూసి, ఇంకా బతకాలా నేను? అనుమానంతో బతకడం అలవాటైంది. రుజువుతో బతకడం నా వల్ల కాదు.

ఇక్కడ వకీలుగారు చేయి ఎత్తి గుమాస్తాను ఆపారు. లోపల ఏముందో తెలియని వస్తువును పారేయమని రాయడం కుదరదన్నారు. "చెల్లెలి కోసం చేసిన కత్తి అని మీరే అంటున్నారు. అది నిజమైతే వస్తువు ఆవిడది. ఆవిడ వస్తువును నదిలో వేసే హక్కు మీకెక్కడిది పెద్దమ్మగారూ? కాదని మీరంటే, కాదని చూడాలిగా," అన్నారు. చదువుకున్నవాళ్ళతో ఇదే గొడవ, పద్ధతిగా గొంతు మీద కాలు పెడతారు. సరే కానీయండి అన్నాను. ఒరలు కుట్టే అతను తన కటింగ్ ప్లేయరుతో తీగ తెంపాడు. మూత నేను తీయలేదు. నా వేళ్ళ వల్ల కాదని చెప్పాను. వేళ్ళ వల్లే కాదు.

పెట్టెలో ఉన్నవి వకీలుగారు గుమాస్తాకు చెప్పి రాయించారు: పదును పెట్టిన చిన్న అలుగు ఒకటి. మలిచి, నునుపు చేయకుండా వదిలేసిన కర్రపిడి ఒకటి. పిడికిలి అచ్చు పడిన మైనం ముద్ద ఒకటి.

ఇక నేను చెప్పేది రాయి.

ఆ పిడి నా వాల్‌నట్ బుడిపె. దొంగముండ, తీసింది అదే. ఆకురాయి గాట్లు ఏటవాలుగా, కూనిరాగం తీసినట్టు ఉన్నాయి, ఇంకెవరివీ కావు.

ముద్దను వకీలుగారు నా ముందు పెట్టారు. చూపుడువేలి గాడి లోతుగా ఉంది. చిటికెనవేలిది ఉంది. మధ్యలో రెండు వేళ్ళకు గాడులు లేవు, కొసలు ఆనిన గుంటలు మాత్రం ఉన్నాయి. బొటనవేలి ముద్ర చివర ఒక పక్క చదునుగా తెగి ఉంది. పెళ్ళయిన కొత్తలో ఉలి జారి నా బొటనవేలి చివర ముక్క ఎగిరిపోయింది. చెల్లెలి చేయి కాదది. నాది.

నేనెప్పుడు పిసికాను? ఎంతసేపో తట్టలేదు. తర్వాత తట్టింది. ఒక చలి పొద్దున మైనం మెత్తబరుస్తుంటే ఆయన వచ్చి, "ఒకసారి గట్టిగా పట్టుకో, మెత్తబడిందో లేదో చూద్దాం," అన్నాడు. పట్టుకున్నాను. "చాలు, ఇలా ఇచ్చెయ్," అని నా చేతిలోంచి జాగ్రత్తగా, పసిపిల్లను అందుకున్నట్టు అందుకుని వెళ్ళాడు. మైనానికి ఇంత గారాబమా అని విసుక్కున్నాను కూడా.

పిడి చేతిలోకి తీసుకున్నాను. చూడ్డానికి అసహ్యంగా ఉంది. ఒక పక్క ఉబ్బి, ఒక పక్క నొక్కుకుపోయి, చంటిపిల్ల కొరికి వదిలేసిన దుంపలా ఉంది. అలాంటి పిడి ఏ గిరాకీకి చూపించినా దణ్ణం పెట్టి పోతాడు. పట్టుకుంటే, ముడుచుకోని నా వేళ్ళు రెండూ ఆ ఉబ్బు మీద వెళ్ళి కూర్చున్నాయి. తిరగలేదు, జారలేదు. వకీలుగారు ఏదో అడుగుతున్నారు, నేను దాన్ని కింద పెట్టలేదు. నా చేతిలోనే పుట్టినట్టుంది.

అందుకే కుళ్ళు రెట్టింపైంది. ఆ ఉబ్బు అక్కడ పెట్టాలని నాకు తట్టేది కాదు. నా చేయి నాకు తెలిసినదానికన్నా దానికి ఎక్కువ తెలుసు. ఆ ఇద్దరి గుసగుసలూ నా గురించేనని తెలిశాక కూడా, ఆ గుసగుసల్లో నేను లేనందుకు కడుపు మండుతూనే ఉంది. నాకు బుద్ధి వచ్చిందని ఎవరూ మురిసిపోవద్దు. క్షమించమనే మాట ఈ కాగితంలో ఎక్కడా లేదు. చెల్లెలు వెతుకుతుంది, దొరకదు.

ఒక తప్పు కూడా కనిపెట్టాను. అలుగు తోక దిగే రంధ్రం దగ్గర ఒక గీత కొంచెం అడ్డంగా పోయింది. నేనైతే ముక్కను ఇంకొంచెం తిప్పి మొదలుపెట్టేదాన్ని. ఈ మాట కింద కూడా గీత గీయండి.

8. పైన నాలుగు, ఆరు, ఏడు అంశాలు రద్దు. కొట్టేయకూడదని నేనే అన్నాను కనుక అవి అలాగే ఉంటాయి, చెల్లెలు చదువుకోవాలి. కర్రల అర, నా ఆకురాళ్ళు, కిటికీ దగ్గరి పనిబల్ల ఇప్పటినుంచి దానివి. ఒక షరతు: ఈ పిడి పని పూర్తి చేయాలి. నా తదనంతరం కాదు. వీలునామా నేను పోయాకే పనిచేస్తుందని వకీలుగారు చెబుతున్నారు. అది చట్టం సంగతి. నేను పోయాక నునుపు చేసిన పిడి నేనేం చేసుకోను? కనుక అది రావాలి, ఇక్కడే, నా ఎదుట కూర్చుని, ఉప్పుకాగితం పట్టాలి. నూగు చచ్చేదాకా తడపాలి, రుద్దాలి. నేను పక్కనే కూర్చుని వంకలు పెడతాను. నూనె రాశాక ముందు నా చెంపకు రాసి చూస్తాను, ఆ తర్వాతే దాని పెదవి. ఎన్ని రోజులు పట్టినా భోజనం ఈ ఇంట్లోనే. పిడి అలుగుకు ఎక్కిన రోజున కూరలు నేనే తరుగుతాను.

9. నేను పోయాక ఈ కత్తి నా చెల్లెలికి. అమ్మకూడదు, బీరువాలో దాచకూడదు. దాని చేతికి సరిపోయేట్టు పిడిని ఒక్క గీత కూడా మార్చకూడదు. రోజూ దీంతోనే కూర తరుక్కోవాలి. దానికి ఇది సరిపోదు, నాకు తెలుసు. ఆ ఉబ్బు అరచేతిలో గుచ్చుకుంటుంది, దాని చక్కటి వేళ్ళకు చోటు దొరకదు. దొరక్కూడదు. తొక్కు తీసినప్పుడల్లా, ముక్క కోసినప్పుడల్లా తిట్టుకోవాలి నన్ను. వీధులు దాటించేటప్పుడు దాని చేయి నేను పట్టుకున్నాను. ఇక నా చేయి అది పట్టుకోవాలి.

ఇది చదివి వినిపించగా విన్నాను, నేను చెప్పినట్టే ఉంది. వేలిముద్ర చాలని వకీలుగారు అన్నారు. బొటనవేలి ముద్ర ఇప్పటికే ఒకచోట వేసి ఉన్నాను, అది చాలు. సంతకమే చేస్తాను. వంకరగా వస్తే రానీ.

తేదీ: నవంబరు 9, సోమవారం, పగలు.

సంతకం: పిడి పెద్దమ్మ

సాక్షులు:

వకీలుగారి గుమాస్తా. చెప్పింది చెప్పినట్టు రాసినవాడు.

ఒరలు కుట్టే అతను. సంతకం చేసి, కొమ్ముల సంచి ఇక్కడే వదిలి, చెల్లెల్ని పిలుచుకురావడానికి వీధి చివరికి పరుగెత్తినవాడు.